మూడు వేల సంతకాలు, రావాల్సిన ఒక్క సంతకం

ప్రశ్న: మేం గుంటూరులో ఫార్మ్-డి (ఫార్మసీ డాక్టర్ కోర్సు) నాలుగో ఏడాది చదువుతున్నాం, తొమ్మిది మందిమి. పోస్టింగులకు వెళ్లే ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చంక కర్రలతో వచ్చినవాళ్లు, చూపు లేనివాళ్లు, తోడెవరూ లేని ముసలివాళ్లు ఓపీ చీటీ కోసమే గంటల తరబడి నిలబడుతున్నారు. మాచర్ల, వినుకొండ వైపు నుంచి చీకటితో బయల్దేరి వచ్చినవాళ్లు డాక్టరు గది దాకా చేరకుండానే తిరిగెళ్లిపోవడం చూశాం. బలహీనులందరికీ ఆరోగ్య హక్కు చట్టం తేవాలని ఆన్‌లైన్‌లో 3,100 సంతకాలు సేకరించి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. మూడు వారాలకు ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఆసుపత్రిలో ఏమీ మారలేదు. ధర్నా చేద్దామని కొందరు, ఇంటర్నల్స్ పోతాయని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ అర్జీని ఎందుకు మూసేశారో మీ ఉత్తరమే చెబుతోంది. మీరు చట్టం అడిగారు. చట్టం చేసేది వెలగపూడిలో శాసనసభ. సోమవారం నాడు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన కాగితం వెళ్లేది జిల్లా స్థాయి అధికారి లాగిన్‌లోకి. చట్టం తేవడం ఆయన చేతిలో లేదు కాబట్టి ‘ప్రభుత్వ పరిధిలోని అంశం’ అని ఒక వాక్యం రాసి మూసేస్తారు. కంప్యూటర్ లెక్కలో అది పరిష్కారమే.

పైగా మీరు కోరుతున్న దానికి చట్టాలు ఇప్పటికే రెండున్నాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో సెక్షన్ 25(1)(బి) ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లోని అన్ని భాగాలకూ అడ్డంకులు లేకుండా చేరుకునే వీలు ఉండాలంటోంది. 25(1)(సి) రోగులను చూడటంలోనూ వైద్యంలోనూ వికలాంగులకు ప్రాధాన్యం ఇవ్వాలంటోంది. రెండోది తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. దీన్ని కొడుకులు అన్నం పెట్టకపోతే ఆర్డీఓ దగ్గరికి వెళ్లే చట్టంగానే అందరూ చూస్తారు. సెక్షన్ 20 దాకా చదివేవాళ్లు తక్కువ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వయోవృద్ధులకు విడిగా వరుసలు ఏర్పాటు చేయాలని అక్కడ స్పష్టంగా ఉంది. 60 ఏళ్లు నిండినవాళ్లంతా ఆ చట్టం కిందికి వస్తారు.

అంటే మాచర్ల నుంచి వచ్చిన ఆ ముసలాయన లైనులో నిలబడకుండా ఉండటం ఎవరో దయతలిస్తే దొరికేది కాదు, ఆయన హక్కు. అది కౌంటరు దాకా రాలేదంతే. ఢిల్లీలో చేసిన చట్టానికీ, ఓపీ కౌంటర్లో కూర్చున్న డేటా ఎంట్రీ ఆపరేటర్‌కీ మధ్య ‘రేపటి నుంచి ఇలా చెయ్యి’ అని చెప్పే కాగితం ఒకటి ఉండాలి. మీ ఆసుపత్రిలో లేనిది ఆ కాగితమే. దాని మీద పడాల్సిన సంతకం ఒక్కటి. రాజస్థాన్‌లో 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టమే తెచ్చారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. డాక్టర్లు రోజుల తరబడి సమ్మె చేశారు. అంత గొడవ పడి తెచ్చిన చట్టానికి కూడా నియమాలు వెంటనే రాలేదు. కాబట్టి ముందు చేతిలో ఉన్న రెండు సెక్షన్లనూ కౌంటరు దాకా నడిపించండి. పెద్ద చట్టం సంగతి తర్వాత.

ఆ సంతకం ఎవరు పెట్టాలన్నది తేలకపోతే మిగతా కష్టమంతా వృథా. పీహెచ్‌సీ, అర్బన్ హెల్త్ సెంటర్ అయితే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి). ఏరియా ఆసుపత్రి, సీహెచ్‌సీ అయితే డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయ అధికారి). మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి అయితే అక్కడ సూపరింటెండెంట్, ఆయన పైన డీఎంఈ (వైద్య విద్య డైరెక్టర్). విద్యార్థి బృందాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పెద్దాసుపత్రి మీద ఫిర్యాదు తీసుకెళ్లి డీఎంహెచ్‌ఓకి ఇస్తారు. ఆ ఆసుపత్రి ఆయన కింద ఉండదు. కాగితం అక్కడి నుంచి ఇక్కడికీ, ఇక్కడి నుంచి అక్కడికీ తిరిగి నెల గడిచిపోతుంది. మీరు చెప్పింది పెద్దాసుపత్రి కాబట్టి మీ అర్జీ సూపరింటెండెంట్ పేరున ఉండాలి. ప్రతులు డీఎంఈకి, కలెక్టర్‌కి, విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్‌కి పంపండి.

అర్జీకి బలం మీ 3,100 సంతకాల నుంచి రాదు. వాటిలో ఎన్ని ఆ ఆసుపత్రి మెట్లెక్కినవాళ్లవో మీరు చెప్పలేరు, అధికారికీ ఆ సంగతి తెలుసు. గడియారం పట్టుకుని రాసిన రెండు పేజీలు వాటికంటే గట్టిగా నిలబడతాయి.

లెక్క తీయాల్సింది ఇలా. వారంలో మూడు రోజులు ఎంచుకోండి, అందులో సోమవారం ఒక్కటే ఉండాలి. మూడూ సోమవారాలే అయితే ‘సోమవారం రద్దీ మామూలే కదా’ అని ఒక్క మాటతో తీసిపారేస్తారు. రోజుకు 20 మంది వికలాంగులు లేదా 60 దాటినవాళ్లు, 20 మంది మామూలు రోగులు, మూడు రోజులకు మొత్తం 120 మంది. ఒక్కొక్కరికి నాలుగు సమయాలు రాయండి: వరుసలో చేరింది, చీటీ చేతికొచ్చింది, డాక్టరు గదిలోకి వెళ్లింది, మందుల కౌంటరు వదిలింది. పరీక్షలు రాస్తే ల్యాబు దగ్గరి సమయం అదనం. పక్కన మూడు గళ్లు చాలు: తోడు ఉన్నారా లేదా, ఏ మండలం నుంచి వచ్చారు, పని పూర్తయి వెళ్లారా మధ్యలో వెళ్లిపోయారా. ఈ చివరి గడినే చాలామంది వదిలేస్తారు. మధ్యలో వెళ్లిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే మిగిలేది ఓపిక పట్టగలిగినవాళ్లే. అప్పుడు ఆసుపత్రి ఉన్నదానికంటే బాగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

సగటు వేయకండి, మధ్యలో పడే అంకె చెప్పండి. ఉదాహరణకు అయిదుగురికి 40, 55, 70, 85, 240 నిమిషాలు పట్టిందనుకోండి. సగటు 98 వస్తుంది, అంతసేపు నిజంగా పట్టినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ 240 నిమిషాల మనిషి మధ్యలో టిఫినుకి వెళ్లాడని ఎవరైనా అంటే మీ లెక్కంతా కూలిపోతుంది. వరుసగా పేర్చి మధ్యదైన 70 చెబితే ఆ ఒక్క మనిషి ఏం చేసినా అంకె కదలదు.

లెక్క తీసేటప్పుడు వరుసను ఊరికే చూడకండి, ఎక్కడ ఎవరు ఆగిపోతున్నారో గమనించండి. చెవిటి మనిషి చీటీ ఇచ్చి బల్ల మీద కూర్చుంటాడు. లోపలి నుంచి పేరు పిలుస్తారు. అతనికి వినబడదు. రెండుసార్లు పిలిచి, పలకలేదని చీటీని అడుక్కి తోసేస్తారు. తనకన్నా వెనకొచ్చినవాళ్లు లోపలికి పోతుంటే అతను లేచి అడుగుతాడు, అతను చెప్పేది అక్కడెవరికీ అర్థం కాదు. నంబరు తెర పెడితే అతనికి తీరుతుంది. తెర ఒక్కటే పెట్టి పిలవడం మానేస్తే చూపు లేనివాళ్లకు అదే కష్టం మొదలవుతుంది. రెండూ కావాలి. ఇక ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తీసుకునే పద్ధతి ఉన్న చోట స్మార్ట్‌ఫోన్ లేని అవ్వ పరిస్థితి చూడండి. పక్కనున్న కుర్రాణ్ని బతిమాలుకుంటుంది. ఆభా అన్నది స్వచ్ఛందం. అది లేదని చీటీ ఇవ్వకుండా పంపేయడానికి వీల్లేదు.

ర్యాంపు ఉంది కదా అంటారు, టేపు పట్టుకెళ్లి కొలవండి. ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. అంటే ఆరంగుళాల మెట్లు మూడున్న గుమ్మానికి 18 అడుగుల ర్యాంపు కావాలి. ఎనిమిది అడుగుల్లో ముగించేసిన ర్యాంపు స్ట్రెచర్ తోయడానికి పనికొస్తుందేమో, చక్రాల కుర్చీలో ఒంటరిగా వచ్చిన మనిషి మాత్రం ఎక్కలేడు. రెండు వైపులా పట్టుకునే కడ్డీ, 90 సెంటీమీటర్ల తలుపు, గడియ పడే మరుగుదొడ్డి కూడా చూడండి. ఇలాంటి ప్రమాణాలను సలహాలుగా వదిలేయకుండా తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో కేంద్రానికి చెప్పింది. అర్జీలో ఆ తీర్పును ఒక వాక్యంలో ప్రస్తావించండి, చాలు.

ఇక్కడో హెచ్చరిక, తేలిగ్గా తీసుకోవద్దు. మీరు అదే ఆసుపత్రిలో పోస్టింగులో ఉన్నారు. కేసు షీట్లలో చూసినవి, రౌండ్స్‌లో విన్నవి ఈ పనికి వాడకూడదు. ఒక్క ముక్క వాడినా సమస్య ఓపీ వరుస నుంచి మీ ప్రవర్తన మీదికి మళ్లుతుంది. లోపల లెక్క తీయాలంటే సూపరింటెండెంట్‌కి ఒక పేజీ లేఖ రాసి అనుమతి తీసుకోండి. మీ కాలేజీ ప్రాక్టీస్ విభాగం అధ్యాపకుల్లో ఒకరి సంతకం దానికి తోడుంటే పని సులువవుతుంది. దీన్ని పరిశోధన పత్రంగా అచ్చు వేయాలనుకుంటే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి, తర్వాత తెచ్చుకోవడం కుదరదు. అనుమతి రాకపోతే గేటు బయట ఆటో స్టాండు దగ్గర, పోస్టింగు లేని రోజున, ఏప్రాన్ వేసుకోకుండా, అడిగి ఒప్పుకున్నవాళ్ల దగ్గరే వివరాలు రాసుకోండి. పేరు వద్దు, ఫోన్ నంబరు వద్దు, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ జిరాక్స్ అసలే వద్దు. వరుస ఫొటో తీయాలంటే వెనక నుంచి, ముఖాలు పడకుండా తీయండి. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరు వైపు కెమెరా తిప్పనే కూడదు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి వివరం బయటపెట్టడం 2017 చట్టం ప్రకారం తప్పు, ఆ మనిషికి మీ వల్ల జరిగే నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

లెక్క తీస్తూనే ఒక ఆర్టీఐ వేయండి. బృందం పేరున వద్దు, సమాచారం అడిగే హక్కు పౌరుడిది కాబట్టి ఒకరి సొంత పేరు, చిరునామాతో ఉండాలి. రూ.10 కోర్టు ఫీజు స్టాంపు గానీ పోస్టల్ ఆర్డరు గానీ జత చేసి ఆసుపత్రి ప్రజా సమాచార అధికారికి పంపండి. ‘ఎందుకు విడి కౌంటరు లేదు?’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే రికార్డులో ఉన్నదే వాళ్లు ఇవ్వాలి, కారణాలు కొత్తగా రాసివ్వక్కర్లేదు. అడగాల్సినవి కాగితాలు: సెక్షన్ 25(1)(సి), 2007 చట్టం సెక్షన్ 20 అమలుకు ఇచ్చిన సర్క్యులర్ల నకళ్లు, స్టాకు రిజిస్టరులో చక్రాల కుర్చీలు ఎన్ని, వాటిలో వాడకంలో ఉన్నవి ఎన్ని, గత ఏడాది ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాల మినిట్స్. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. ‘అటువంటి సర్క్యులర్ ఏదీ అందుబాటులో లేదు’ అని జవాబు వస్తే నీరసపడకండి. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఆదేశం లేదని ఆసుపత్రే రాసి ఇచ్చినట్టు. మీ అర్జీకి మొదటి జత కాగితం అదే.

ఇప్పుడు అర్జీ. ‘తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన’ అని ముగించిన అర్జీకి తగు చర్య అంటే ఏమిటో చదివే అధికారే ఊహించుకోవాలి. ఆ పని ఆయనకు వదలకండి. సర్క్యులర్ చిత్తుప్రతి మీరే రాసి జతచేయండి, ఇలా:

‘వికలాంగుల హక్కుల చట్టం–2016 సెక్షన్ 25(1)(సి), తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం–2007 సెక్షన్ 20 అనుసరించి, ____ తేదీ నుంచి ఓపీ నమోదు, ల్యాబు, ఎక్స్‌రే, మందుల కౌంటర్ల వద్ద దివ్యాంగులకు, 60 ఏళ్లు నిండినవారికి విడి వరుస ఉండాలి. ఓపీ జరిగినంత సేపూ ఆ వరుస నడవాలి. ఫోన్ గానీ ఆభా గానీ లేదన్న కారణంతో చీటీ నిరాకరించరాదు. ప్రాధాన్యం ఇచ్చేందుకు 40 శాతం వైకల్య సర్టిఫికెట్ చూపమని అడగరాదు. నంబరును తెరపై చూపుతూ పిలవాలి కూడా. పర్యవేక్షణ బాధ్యత ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్)ది.’

ఇందులో ప్రతి ముక్కకూ పనుంది. చోట్ల పేర్లు రాయకపోతే ఓపీ దగ్గర ఒక బోర్డు తగిలించి అయిపోయిందంటారు. అసలు కాళ్లు పీకేది మందుల దగ్గర. ‘ఓపీ జరిగినంత సేపూ’ అనకపోతే ఆపరేటర్ సెలవు పెట్టిన రోజు ఆ కౌంటరు మూతపడుతుంది. 40 శాతం గురించి ఎందుకంటే, రిజర్వేషన్ల వంటి వాటికి ఆ గీత ఉంది గానీ సెక్షన్ 25 వికలాంగులందరికీ వర్తిస్తుంది. సదరం స్లాటు కోసం ఎదురుచూస్తున్న మనిషిని సర్టిఫికెట్ లేదని మామూలు లైనులోకి పంపడం చట్టానికి ఎదురు పోవడమే. బాధ్యుడి హోదా రాయని సర్క్యులర్ నోటీసు బోర్డు మీదే ఉండిపోతుంది.

కొత్త పోస్టు మాత్రం అడగకండి. అడిగిన మరుక్షణం అది ఆర్థిక శాఖ అనుమతి కావాల్సిన ఫైలు అయిపోతుంది. ఉన్న కౌంటర్లలో ఒకదాన్ని మార్చమనండి. నంబరు తెరకు, చక్రాల కుర్చీలకు ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల్లోంచి ఇవ్వమనండి. కుర్చీల ధరకు రెండు కొటేషన్లు మీరే తెచ్చి జతచేస్తే ఇంకా మంచిది.

అర్జీ మీద మొదటి సంతకం మీది కాకూడదు. జిల్లాలో వికలాంగుల సంఘాలు, పింఛనుదారుల సంఘాలు ఉన్నాయి. చిత్తుప్రతిని ముందు వాళ్లకు చదివి వినిపించండి, మార్చమన్న చోట మార్చండి. చూపున్నవాళ్లకు తట్టనివి వాళ్లకు తడతాయి. విడి కౌంటరు హాలుకి ఆ చివర పెడితే అక్కడిదాకా నడవడమే పెద్ద శిక్ష అని మీకు చెప్పేది వాళ్లే. ఇచ్చేటప్పుడు కూడా వాళ్లే ముందు నిలబడాలి, మీరు కాగితాలు పట్టుకుని పక్కన ఉండండి. సూపరింటెండెంట్ ముందు పది నిమిషాలు దొరుకుతాయి. అందులో రెండు నిమిషాలు లెక్క, రెండు నిమిషాలు చిత్తుప్రతి, మిగతా సమయం ఆయన మాటలు వినడానికి. ఆపరేటర్లు చాలడం లేదనో, కంప్యూటర్ నెమ్మదనో ఆయన చెప్పే ఇబ్బంది నిజమే కావచ్చు. దాన్నీ రాసుకుని డీఎంఈకి పంపే ప్రతిలో చేర్చండి. అప్పుడు ఆయన మీకు ఎదురు నిలవాల్సిన అవసరం ఉండదు. బయటికొచ్చే ముందు తపాలా సెక్షన్‌లో ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. నంబరు లేని కాగితం ఇవ్వని కాగితంతో సమానం.

పాత అర్జీని కూడా వదలకండి. దాని నంబరుతో ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి, ఏ వ్యాఖ్య (ఎండార్స్‌మెంట్) రాసి మూశారో అడగండి. వచ్చే సోమవారం నగరంపాలెం కలెక్టరేట్‌కి వెళ్లి, సమస్య తీరలేదని రాసి తిరిగి తెరిపించండి. ఈసారి ‘చట్టం’ అన్న మాట తీసేసి ‘సర్క్యులర్’ అని పెట్టండి.

నెలన్నర దాటినా కదలిక లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయండి. 2016 చట్టం కింద ఆ కార్యాలయానికి విచారణలో సివిల్ కోర్టుకుండే కొన్ని అధికారాలు ఉన్నాయి. కమిషనర్ సిఫారసు చేస్తే సంబంధిత అధికారి మూడు నెలల్లో ఏం చేసిందీ చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణం రాయాలి. ఇంకో దారి మన ప్రాంతానికి చేతికందేది: కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ. శాసన మండలి సమావేశాలకు చాలా ముందే కలిసి, రాష్ట్రంలోని బోధనాసుపత్రుల్లో ఎన్నింట సెక్షన్ 25(1)(సి) అమలుకు ఆదేశాలున్నాయో ప్రశ్న వేయమనండి. సభలో ప్రశ్న వస్తే శాఖ ప్రతి ఆసుపత్రి నుంచీ సమాచారం తెప్పించుకోవాలి. ఆ తెప్పించుకోవడంలోనే చాలా చోట్ల సర్క్యులర్లు పుట్టుకొస్తాయి. మీ ఒక్క ఆసుపత్రి సంగతి రాష్ట్ర విధానంగా మారే దారి ఇదే. కాబట్టి మీ రెండు పేజీల లెక్క ఆయన చేతికి చేరాలి.

ధర్నా గురించి. ఇప్పుడు వద్దు. భయంతో చెప్పడం లేదు. చేతిలో లెక్క, ఆర్టీఐ జవాబు లేకుండా కూర్చుంటే మర్నాటి జిల్లా పేజీలో ఒక ఫొటో వస్తుంది, ఆ తర్వాత అధికారి మిమ్మల్ని లోపలికి రానివ్వడానికే ఆలోచిస్తారు. అన్ని తలుపులూ తట్టాక ఇంకా మౌనమే అయితే అప్పుడు వికలాంగుల సంఘాల పిలుపు మీద, పోలీసుల అనుమతి లిఖితంగా తీసుకుని కూర్చోండి. అనుమతి లేకుండా కూర్చుంటే, సభలకూ ఊరేగింపులకూ ముందే అనుమతి కావాలనే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందంటూ కేసు పెట్టొచ్చు, అది పాస్‌పోర్టు, ఉద్యోగ వెరిఫికేషన్లలో ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఆ ధర్నాకు పార్టీ విద్యార్థి సంఘం జెండా వద్దు. రంగు పడిన రోజున అర్జీ రెండు పార్టీల గొడవగా మారిపోతుంది. మీ ప్రిన్సిపాల్‌కి కూడా ఇదే క్రమం రాసి చూపించండి. ఇంటర్నల్స్ భయం మీకు ఎంత నిజమో, కాలేజీకి ఆసుపత్రితో ఉన్న ఒప్పందం పోతుందన్న భయం ఆయనకు అంత నిజం.

కాలం లెక్క వేసుకోండి. ఎన్నికల కోడ్ వస్తే సోమవారం అర్జీలు ఆగిపోతాయి, కొత్త ఆదేశాలు రావు. బదిలీల సీజన్‌లో సూపరింటెండెంట్ మారితే మొదటి నుంచి చెప్పుకోవాలి. మీ పరీక్షలు ఎటూ ఉన్నాయి. అందుకే మీ తొమ్మిది మందికి తోడు ఇద్దరు మూడో ఏడాది వాళ్లను చేర్చుకోండి. ఒకే నోటు పుస్తకంలో ఇన్‌వర్డ్ నంబర్లు, తేదీలు, ఎవరు ఏమన్నారో రాసి పెట్టండి.

సర్క్యులర్ వచ్చిందనుకోండి, పండగ చేసుకునే ముందు ఆ కాపీ ఒకటి తీసుకుని నోటు పుస్తకంలో అంటించండి. నెల తర్వాత ఒక సోమవారం, ఒక బుధవారం, ఒక శనివారం అదే గళ్ల కాగితంతో వెళ్లి మళ్లీ 120 మందికి సమయాలు రాయండి. విడి వరుస పెట్టాక ఆరోగ్యంగా ఉన్న అటెండర్లు చీటీలు పట్టుకుని అందులో దూరడం మామూలుగా జరిగేదే, దాన్ని విడిగా లెక్కపెట్టండి. అంకెలు తగ్గితే ఆ సంగతి సూపరింటెండెంట్‌కి ధన్యవాదాలతో రాసి, ప్రతిని డీఎంఈకి పంపండి. తగ్గకపోతే ఏ కౌంటరు దగ్గర ఆగిందో ఆ నాలుగు సమయాలే చూపిస్తాయి, రెండో అర్జీ ఆ ఒక్క కౌంటరు మీదే రాయండి.